మీకు తెలుసా? కోహెన్‌లందరూ యాజకులు కారు!

ఇజ్రాయెల్‌లో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు కోహెన్. తర్వాతి స్థానం లేవీది. రెండూ బైబిల్లోంచి వచ్చినవే, రెండూ ఒకే గోత్రానివే. తమాషా ఏమిటంటే, కోహెన్ అనే పేరు చెప్పే పని ఆగిపోయి పంతొమ్మిది వందల ఏళ్లు దాటింది. క్రీ.శ. 70లో రోమన్ సేనాని టైటస్ సైన్యం యెరూషలేము దేవాలయాన్ని తగలబెట్టింది. దాంతో బలిపీఠం పోయింది, బలులు పోయాయి, అర్చకుల కొలువూ పోయింది. పేరు మాత్రం తండ్రి నుంచి కొడుక్కి అందుతూ కైరో, వియన్నా, మాస్కో, మాంట్రియల్, మన కొచ్చి దాకా వచ్చేసింది. ఈసారి శీర్షిక మొత్తం ఆ ఒక్క ఇంటిపేరుకే.

అహరోను పిల్లలు

తెలుగు బైబిలు చదివేవాళ్లకు అహరోను కొత్తవాడేమీ కాదు. మోషేకు అన్న. నోటిమాట సరిగా రాదన్న తమ్ముడి తరఫున నిలబడి మాట్లాడినవాడు. నిర్గమకాండం 28వ అధ్యాయంలో అహరోనునూ, అతని నలుగురు కొడుకులనూ యాజకులుగా నియమించే ఘట్టం వస్తుంది. మన బైబిల్లో ‘యాజకుడు’ అని ఉన్న చోట హీబ్రూ మూలంలో ఉండేది ‘కొహేన్’. అదే తర్వాత ఇంటిపేరై కోహెన్ అయింది.

లేవీ గోత్రం వాళ్లంతా ఆలయ సేవకులే. కానీ బలిపీఠం దగ్గరికి వెళ్లే హక్కు వాళ్లలో అహరోను సంతతికే ఉంది. అంటే ప్రతి యాజకుడూ లేవీయుడే గానీ, ప్రతి లేవీయుడూ యాజకుడు కాడు. కనాను దేశంలో భూములు పంచుకున్నప్పుడు మిగతా గోత్రాలకు వచ్చినట్టు లేవీయులకు ప్రాంతం రాలేదు. జనం తెచ్చే అర్పణల్లో వాటాయే వాళ్ల జీవనం.

కుటుంబాలు పెరిగాక అందరికీ ఒకేసారి గుడిలో పని ఎక్కడ దొరుకుతుంది? దినవృత్తాంతాల మొదటి గ్రంథం ప్రకారం యాజకులను చీట్లు వేసి 24 తరగతులుగా విడదీశారు. వంతుల వారీగా కొలువు. బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా వీటిలో అబీయా తరగతి వాడని లూకా సువార్త మొదటి అధ్యాయంలోనే ఉంది. తల్లి ఎలీసబెతు కూడా అహరోను వంశస్థురాలే. ఆ లెక్కన ఎడారిలో మిడతలు, అడవి తేనె తిని బతికిన యోహాను పుట్టుకతో యాజకుడే. ఇవాళ పుట్టి ఉంటే ఇంటిపేరు కోహెన్ అయ్యేదేమో!

కాగితం పోతే పదవి పోయింది

ఈ వంశావళుల పట్టింపు ఎంతటిదో ఎజ్రా గ్రంథంలో ఒక చోట తెలుస్తుంది. బబులోను చెర నుంచి తిరిగి వచ్చిన యాజక కుటుంబాల జాబితా అది. హబాయా, హక్కోజు, బర్జిల్లయి సంతతివాళ్లు తమ వంశావళి పత్రాల కోసం వెతుక్కున్నారు. దొరకలేదు. అంతే, వాళ్లను యాజకత్వం నుంచి పక్కన పెట్టారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని ఎవరూ అనలేదు. రుజువు లేదన్నారు. సర్టిఫికెట్ లేక ఉద్యోగం పోయిన కథల్లో బహుశా ఇదే పాతది.

మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ స్వయంగా యాజక కుటుంబంలో పుట్టినవాడు. యాజకుల వివాహాలు, వంశావళుల పత్రాలు యెరూషలేములో భద్రంగా ఉంటాయనీ, వేరే దేశాల్లో స్థిరపడ్డ యాజకులు కూడా తమ పెళ్లి వివరాలు అక్కడికి పంపుతారనీ గర్వంగా రాసుకున్నాడు. గుడితో పాటే ఆ దస్తావేజులూ పోయాయి. అప్పటి నుంచి సాక్ష్యం ఒక్కటే: ‘‘మా నాన్న చెప్పాడు.’’

గోత్రం వేరు, ఇంటిపేరు వేరు

తెలుగువాళ్లకు ఈ విషయం ఇతరులకంటే తొందరగా అర్థమవుతుంది. మన దగ్గర ఒకే గోత్రంలో పదుల కొద్దీ ఇంటిపేర్లు ఉంటాయి. ఒకే ఇంటిపేరు వేర్వేరు గోత్రాల్లోనూ కనిపిస్తుంది. యాజకత్వం గోత్రం లాంటిది. తండ్రి నుంచే వస్తుంది, మార్చుకుంటే మారదు. కోహెన్ అన్నది ఇంటిపేరు. గుమస్తా రాసుకున్నదాన్ని బట్టి, దేశాన్ని బట్టి, కొన్నిసార్లు మనసును బట్టి మారిపోతుంది.

మధ్యయుగాల్లో యూదుల్లో ఎక్కువమందికి స్థిరమైన ఇంటిపేర్లు లేవు. ఫలానా వారి కుమారుడు ఫలానా, అంతే. యాజక వంశం వాళ్లయితే చివర ‘హ-కొహేన్’ అని చేర్చుకునేవాళ్లు. పాత కైరోలోని బెన్ ఎజ్రా సినగాగ్ కొట్టు గదిలో వందల ఏళ్లు పడి ఉన్న కాగితాలను గెనీజా అంటారు. అందులోని ఉత్తరాల్లో, ఒప్పందాల్లో ఈ సంతకాలు చాలా కనిపిస్తాయి. అప్పటికి అది బిరుదే, ఇంకా ఇంటిపేరు కాలేదు.

దాన్ని ఇంటిపేరుగా బిగించింది మతం కాదు, సర్కారు. పన్నులు వసూలు చేయాలి, సైన్యంలో చేర్చుకోవాలి. పేరు స్థిరంగా లేని మనిషిని పట్టుకోవడం కష్టం. ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ 1787లో తన రాజ్యంలోని యూదులంతా స్థిరమైన ఇంటిపేరు పెట్టుకోవాలని శాసనం చేశాడు. రష్యాలో 1804లో, ప్రష్యాలో 1812లో అలాంటి చట్టాలే వచ్చాయి. నెపోలియన్ 1808లో ఇచ్చిన ఉత్తర్వు వీటిలో విచిత్రమైనది. ఇంటిపేరు పెట్టుకోవాలి, కానీ పాత నిబంధనలోని పేర్లు పెట్టుకోకూడదు! అయితే అప్పటికే ఒక పేరుతో తరతరాలుగా చలామణీ అవుతున్నవాళ్లు దాన్ని ఉంచుకోవచ్చన్న వెసులుబాటు ఇచ్చాడు. ఫ్రాన్స్‌లో కోహెన్‌లు, లేవీలు ఇవాళ్టికీ దండిగా ఉన్నారు.

హ లేని దేశంలో

రష్యన్ లిపిలో హకారానికి సరిపడే అక్షరం లేదు. పరభాషా పేర్లలో ‘హ’ వస్తే చాలాచోట్ల ‘గ’ రాసేవారు. రష్యన్ పత్రికల్లో హిట్లర్ ‘గిట్లెర్’ అయింది ఇలాగే. అదే దారిలో అక్కడి కోహెన్‌లు కొగన్‌లు, కగన్‌లు అయ్యారు. అమెరికా సుప్రీంకోర్టులో 2010 నుంచి న్యాయమూర్తిగా ఉన్న ఎలీనా కేగన్ ఇంటిపేరు ఆ కోవలోదే.

ఈ వరుసలో నన్ను ఎక్కువగా ఆకర్షించిన మనిషి లాజర్ కగనోవిచ్. పేరుకు అర్థం యాజకుని కొడుకు. మనిషి మాత్రం స్టాలిన్‌కు కుడిభుజం, కరుడుగట్టిన నాస్తికుడు. మాస్కో పార్టీకి ఆయన పెద్దగా ఉన్న రోజుల్లోనే, 1931 డిసెంబరులో, ఆ నగరపు పెద్ద కెథడ్రల్‌ను పేల్చేశారు. 1935లో మొదలైన మాస్కో మెట్రోకు ఇరవై ఏళ్లు ఆయన పేరే ఉంది. సోవియట్ యూనియన్ కూలడానికి కొన్ని నెలల ముందు, 1991 జూలైలో, 97 ఏళ్ల వయసులో పోయాడు.

జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో ఈ పేరే కోన్, కాన్ అయింది. ఫ్రెంచివాళ్లు హకారాన్ని మింగేస్తారు. ఇంగ్లీషువాళ్లు సాగదీస్తారు. హాలీవుడ్ దర్శకులు జోయెల్, ఈథన్ అన్నదమ్ములు దాన్ని హ లేకుండా ‘కోయెన్’ అని రాసుకుంటారు.

పొడి అక్షరాల పేర్లు మరీ సరదాగా ఉంటాయి. ‘కాట్జ్’ అన్న ఇంటిపేరు చూసి జర్మన్ పిల్లి గుర్తొస్తుంది గానీ, దానికి పిల్లితో సంబంధం లేదు. ‘కొహేన్ త్సెదెక్’, అంటే నీతిగల యాజకుడు అన్న రెండు మాటల మొదటి అక్షరాలను కలిపితే కాట్జ్. ‘మాజె’ ఇంకా పొడవైనదాన్ని మడిచిపెట్టింది: యాజకుడైన అహరోను సంతతివాణ్ణి అనే మొత్తం వాక్యం ఆ చిన్న పేరులో ఉంది. నాడీకణాల మీద పరిశోధనకు 1970లో నోబెల్ అందుకున్న బెర్నార్డ్ కాట్జ్ పేరు వైద్య విద్యార్థులకు తెలిసే ఉంటుంది.

జీన్స్ ప్యాంటులో పాత నిబంధన

1840లలో బవేరియా నుంచి హెర్మన్ కాన్ అనే యువకుడు అమెరికా చేరాడు. అక్కడివాళ్ల నోటికి తగ్గట్టు ఇంటిపేరును ‘కోన్’ అని మార్చుకున్నాడు. ఐస్‌క్రీం కోన్‌కు రాసే స్పెల్లింగే. ఆయన కొడుకులు మోజెస్, సీజర్ నార్త్ కరొలినాలోని గ్రీన్స్‌బరోలో బట్టల మిల్లులు పెట్టారు. 1905లో మొదలైన వైట్ ఓక్ మిల్లు డెనిమ్ గుడ్డకు పెట్టింది పేరు. ఆ డెనిమ్ ఎవరికి వెళ్లేదంటారా? లీవైస్‌కు. దశాబ్దాల పాటు వాళ్ల 501 జీన్స్ ఆ గుడ్డతోనే కుట్టారు. వైట్ ఓక్ 2017 చివర్లో మూతపడింది.

లీవైస్ స్థాపకుడు లీవై స్ట్రాస్ కూడా బవేరియా నుంచి వచ్చిన యూదుడే. అసలు పేరు లోయెబ్, అమెరికాలో లీవై అయ్యాడు. ఆయన విషయంలో అది ఇంటిపేరు కాదు, పిలిచే పేరు. ఏమైతేనేం, యెరూషలేము గుడిలో కలిసి పనిచేసిన రెండు పేర్లు మళ్లీ ఒక ప్యాంటు దగ్గర కలుసుకున్నాయి. కోన్ అన్నదమ్ముల చెల్లెళ్లు క్లారిబెల్, ఎట్టా ఆ మిల్లుల డబ్బుతో మాటీస్, పికాసో చిత్రాలు కొని కూడబెట్టారు. ఆ సేకరణ ఇప్పుడు బాల్టిమోర్ మ్యూజియంలో ఉంది.

పేరు చూసి మోసపోకండి

న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఒక విగ్రహం ఉంది. జార్జ్ ఎం. కోహన్ అనే నటుడు, పాటల రచయితది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు పాడుకున్న ‘ఓవర్ దేర్’ రాసింది ఆయనే. పేరు చూసి యూదుడనుకునేవాళ్లు అప్పట్లోనూ ఉన్నారు. ఆయన ఐరిష్ క్యాథలిక్. కియోహేన్ అనే ఐరిష్ ఇంటిపేరు అలా అరిగిపోయింది.

అహ్మదాబాద్ ఐఐఎం ఎర్ర ఇటుకల భవనాలను, ఢాకా పార్లమెంటును రూపొందించిన వాస్తుశిల్పి లూయీ కాన్ సంగతి ఇంకోలా ఉంటుంది. ఆయన యూదుడే. ఇప్పటి ఎస్టోనియాలో పుట్టాడు. కానీ పుట్టినప్పుడు ఇంటిపేరు ష్ముయిలోవ్‌స్కీ. అమెరికా వచ్చాక తండ్రి దాన్ని కాన్ అని మార్చాడు. పేరుకు యాజకుడు, పూర్వపు పేరులో మాత్రం అహరోను జాడ లేదు. 1974 మార్చిలో అహ్మదాబాద్ నుంచి తిరిగి వెళ్తూ న్యూయార్క్ రైల్వే స్టేషన్‌లో గుండెపోటుతో చనిపోయింది ఈయనే. మన ఖాన్‌కూ ఈ కాన్‌కూ ఏ చుట్టరికమూ లేదు. జర్మన్లో కాన్ అంటే పడవ కూడా. కాబట్టి యూదులు కాని కాన్‌లూ ఉంటారు.

పేరు వదిలేసుకున్నవాళ్లకూ కొదవ లేదు. తనకెవరూ మర్యాద ఇవ్వరని వాపోతూ అమెరికాను నవ్వించిన రోడ్నీ డేంజర్‌ఫీల్డ్ అసలు పేరు జేకబ్ కోహెన్.

గుడి లేకున్నా వదలని నియమాలు

యాజక వంశస్థుడు శవం ఉన్న చోటికి వెళ్లకూడదు. తల్లి, తండ్రి, భార్య, బిడ్డలు, అన్నదమ్ములు, పెళ్లికాని అక్కచెల్లెళ్ల విషయంలోనే మినహాయింపు. లేవీయకాండం 21వ అధ్యాయంలోని ఈ నియమాన్ని నిష్ఠగా పాటించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. యూదుల శ్మశానాల్లో కోహెన్‌ల సమాధులు చాలాచోట్ల దారి పక్కనే, అంచుల్లో ఉంటాయి. లోపలికి రాకూడని బంధువులు బయటి నుంచే చూసి వెళ్లడానికి ఆ ఏర్పాటు. మరి విమానం శ్మశానం మీదుగా ఎగిరితే? నవ్వకండి, దాని మీద పండితుల చర్చలు జరిగాయి. 2013లో విమానం సీట్లో నిలువెల్లా ప్లాస్టిక్ సంచి తొడుక్కుని కూర్చున్న ప్రయాణికుడి ఫొటో ఒకటి ఇంటర్నెట్‌లో తెగ తిరిగింది. మైల సోకకుండా ఆయన పడ్డ పాట్లు అవి.

పెళ్లి నియమం ఇంతకంటే కఠినం. విడాకులు తీసుకున్న స్త్రీని, మతం మారి యూదురాలైన స్త్రీని యాజక వంశస్థుడు పెళ్లాడకూడదు. ఇజ్రాయెల్‌లో యూదుల వివాహాలు మత న్యాయస్థానాల చేతుల్లో ఉన్నాయి కాబట్టి ఇది సంప్రదాయంతో ఆగక చట్టం దాకా వెళ్లింది. 1966లో ఈ చిక్కులో పడ్డది సాక్షాత్తూ ఆ దేశపు సుప్రీంకోర్టు న్యాయమూర్తి. పేరు హైమ్ కోన్. ఆయన విడాకులు తీసుకున్న మహిళను ప్రేమించారు. సొంత దేశంలో కుదరదు. న్యూయార్క్ వెళ్లి పెళ్లి చేసుకుని వచ్చారు. దేశమంతా పెద్ద దుమారం. న్యాయమూర్తికే న్యాయం పరాయి దేశంలో దొరకాల్సి రావడం నా దృష్టిలో ఆ చట్టం మీద రాదగిన అతి పెద్ద విమర్శ. ఇప్పుడు అలాంటి జంటలకు దగ్గర దారి సైప్రస్.

అన్నీ నిషేధాలే అనుకోకండి, ఒక రాబడీ ఉంది. తొలిచూలు మగబిడ్డ దేవుడి సొత్తు అని నమ్మకం. బిడ్డకు నెల నిండాక తండ్రి ఐదు వెండి నాణేలు యాజక వంశస్థుడికి ఇచ్చి బిడ్డను విడిపించుకుంటాడు. తర్వాత విందు. అమెరికాలో ఇందుకోసం పాత వెండి డాలర్లు దాచిపెట్టుకునే కుటుంబాలున్నాయి.

రెండు వేళ్లు ఇటు, రెండు వేళ్లు అటు

మీ ఫోన్లో ఒక చేతి ఎమోజీ ఉంటుంది. చూపుడు, మధ్య వేళ్లు ఒక పక్క, ఉంగరం, చిటికెన వేళ్లు ఇంకో పక్క, మధ్యలో సందు. ‘స్టార్ ట్రెక్’ అభిమానులు దాన్ని స్పాక్ వందనం అంటారు. నిజానికి అది కోహెన్‌ల చెయ్యి.

యాజకులు జనాన్ని దీవించేటప్పుడు రెండు చేతులూ చాచి వేళ్లను అలా విడదీస్తారు. సంఖ్యాకాండం 6వ అధ్యాయంలో అహరోనుకు అప్పగించిన దీవెన అది. ఆ సమయంలో వాళ్ల ముఖాలు, చేతులు ప్రార్థన శాలువా కింద ఉంటాయి. చూసేవాళ్లు తల దించుకోవాలి. బోస్టన్‌లో ఒక సినగాగ్‌లో చిన్న పిల్లవాడు తండ్రి వద్దన్నా వేళ్ల సందుల్లోంచి దొంగచాటుగా చూశాడు. పెద్దయ్యాక లెనర్డ్ నిమోయ్ అనే నటుడై, స్పాక్ పాత్రకు గ్రహాంతరవాసుల నమస్కారం ఒకటి కావాల్సి వచ్చినప్పుడు ఆ చేతినే వాడుకున్నాడు. 1967 సెప్టెంబరులో అది మొదటిసారి టీవీలో వచ్చింది. 2014లో ఎమోజీల పట్టికలోకి ఎక్కింది. చాలా పాత యూదు సమాధి రాళ్ల మీద ఈ చేతుల బొమ్మ చెక్కి ఉంటుంది. రాయి మీద పేరు చెరిగిపోయినా ఆ బొమ్మను చూసి పోయినవాడు యాజక వంశస్థుడని చెప్పేయవచ్చు.

ఆ దీవెన ఎంత పాతదో చెప్పే ఆధారం 1979లో దొరికింది. యెరూషలేము పక్కన హిన్నోము లోయ అంచున గేబ్రియల్ బర్కాయ్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్విస్తున్న సమాధి గుహలో రెండు చిన్న వెండి చుట్టలు బయటపడ్డాయి. తాయెత్తుల్లాంటివి. విరిగిపోకుండా విప్పడానికే ఏళ్లు పట్టింది. పెద్దదాన్ని విప్పితే పొడవు దాదాపు 10 సెంటీమీటర్లు. మీద గీసి ఉన్నది అహరోను దీవెనే. వాటి వయసు సుమారు 2600 ఏళ్లు. మృత సముద్రపు చుట్టల కంటే కొన్ని శతాబ్దాలు పాతవి. బైబిలు మాటలున్న వస్తువుల్లో ఇప్పటివరకు దొరికిన వాటిలో ఇవే పురాతనం.

అదే దీవెన 2009 సెప్టెంబరులో టెల్ అవీవ్ పక్కన రామత్ గాన్ స్టేడియంలో వేల మంది ముందు హీబ్రూలో వినిపించింది. పలికింది రబ్బీ కాదు, ‘హల్లెలూయా’ పాట కట్టిన లెనర్డ్ కోహెన్. మాంట్రియల్‌లో సినగాగ్ పెద్దల కుటుంబంలో పుట్టాడు. తొంభైలలో కాలిఫోర్నియా కొండ మీద జెన్ మఠంలో చేరి 1996లో భిక్షువయ్యాడు. 1999లో ముంబై వచ్చి రమేశ్ బల్సేకర్ అద్వైత ప్రసంగాలు వింటూ గడిపాడు. ఇన్ని తిరిగినా ఇంటిపేరు మార్చుకోలేదు, ఆ దీవెన మరచిపోలేదు.

రక్తం ఏం చెప్పింది?

కెనడా నుంచి ఇజ్రాయెల్ వచ్చిన కార్ల్ స్కోరెకీ మూత్రపిండాల వైద్యుడు. యాజక వంశస్థుడు. ఒకరోజు సినగాగ్‌లో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన మరో యాజక వంశస్థుణ్ణి చూసి ఒక ఆలోచన వచ్చింది. ఇద్దరికీ పోలికే లేదు. కానీ ఇద్దరమూ ఒకే తండ్రి సంతానమైతే మా వై క్రోమోజోములో ఏదో ఒక గుర్తు కలవాలి కదా? వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది, యాజకత్వం కూడా అంతే. 1997లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన చిన్న పరిశోధన పత్రం నిజంగానే యాజక కుటుంబాల్లో ఒక రకం గుర్తులు ఎక్కువని చెప్పింది. పేపర్లలో ‘అహరోను జన్యువు దొరికింది’ అని హోరెత్తించారు.

కథ అంత సులువుగా ముగియలేదు. మొదట చూసిన ఆరు గుర్తుల వరుస యూదులు కాని అరబ్బుల్లో, ఇతర జనాల్లో కూడా ఉందని తేలింది. 2009లో మరింత లోతుగా చూసినప్పుడు, తాము యాజక వంశమని చెప్పుకునేవాళ్లలో 21 రకాల తండ్రి వంశాలు బయటపడ్డాయి. అయితే వాటిలో ఒక్కటే దాదాపు 46 శాతం మందిలో ఉంది. ఐరోపా యూదుల్లోనూ, అరబ్ దేశాల నుంచి వచ్చిన యూదుల్లోనూ కనిపించింది. అది సుమారు మూడు వేల ఏళ్ల నాటిదని అంచనా, అటూ ఇటూ వెయ్యేళ్ల తేడాతో. అంటే సగానికి దగ్గరగా ఒక పాత తండ్రి ఉన్నాడు. అతని పేరు అహరోను అని ఏ ప్రయోగశాలా చెప్పలేదు. మిగతా సగం వేర్వేరు దారుల్లో వచ్చి చేరింది. ‘నాన్న చెప్పాడు’ అన్న ఒక్క సాక్ష్యంతో ఇంతకాలం నడిచిన వ్యవస్థకు 46 శాతం చిన్న మార్కేమీ కాదని నా అభిప్రాయం.

ఇదే గుర్తు ఆఫ్రికాలో ఇంకో వింత చూపింది. జింబాబ్వే, దక్షిణాఫ్రికాల్లోని లెంబా తెగవాళ్లు తమ పూర్వీకులు ఉత్తరాన్నుంచి సముద్రం దాటి వచ్చారని చెప్పుకుంటారు. పంది మాంసం తినరు, సున్తీ చేస్తారు. వాళ్లలో బూబా అనే పెద్ద వంశంలో ఈ గుర్తులు బాగా ఎక్కువని 2000లో తేలింది. పైన చెప్పిన ఆరు గుర్తుల గొడవ దీనికీ వర్తిస్తుంది. అరబ్ వర్తకుల ద్వారా వచ్చి ఉండొచ్చనే వాదన బలంగానే ఉంది.

అలెప్పో నుంచి కలకత్తా

మన దేశానికి ఈ ఇంటిపేరు వ్యాపారం వెంట వచ్చింది. సిరియాలోని అలెప్పో నుంచి షాలోం కోహెన్ అనే వర్తకుడు 1798లో కలకత్తా చేరాడు. అక్కడి బాగ్దాదీ యూదుల సమాజం ఆయనతోనే మొదలైందంటారు. నగలు, రత్నాల వ్యాపారం. లక్నో నవాబు ఆస్థానం దాకా వెళ్లాడు.

కొచ్చి మట్టాన్‌చెర్రిలో జూ టౌన్ వీధి నడిచిన తెలుగు యాత్రికులు ‘సారా కోహెన్’ అన్న బోర్డు చూసే ఉంటారు. 1568 నాటి పరదేశి సినగాగ్‌కు నాలుగు అడుగుల దూరంలో ఎంబ్రాయిడరీ దుకాణం. ఆ వీధిలో మిగిలిన చివరి యూదుల్లో ఒకరైన ఆమె 2019లో, 96వ ఏట కన్నుమూశారు.

తెలుగు నేల మీద కూడా గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఒక చిన్న సినగాగ్ ఉంది. అక్కడివాళ్లు తమను ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకుంటారు. యాజకత్వం లేవీ గోత్రానిది కాబట్టి ఆ లెక్కలోకి కోహెన్‌లు రారు.

అలెప్పో పేరు వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1965 మేలో డమాస్కస్ నడిబొడ్డున ఉరి తీసిన ఇజ్రాయెల్ గూఢచారి ఎలీ కోహెన్ తల్లిదండ్రులూ అలెప్పో వాళ్లే. ఆయన కథతో 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘ది స్పై’ వచ్చింది. ఎలీ కోహెన్‌గా నటించింది మనల్ని ‘బోరాట్’తో నవ్వించిన సాషా బారన్ కోహెన్.

నోబెల్ వేదిక మీద

1986లో వైద్యశాస్త్ర నోబెల్‌ను ఇద్దరు పంచుకున్నారు: అమెరికాకు చెందిన స్టాన్లీ కోహెన్, ఇటలీకి చెందిన రీటా లేవీ-మొంటాల్చిని. కణాల పెరుగుదలను నడిపే పదార్థాలు కనిపెట్టినందుకు. కోహెన్, లేవీ మళ్లీ పక్కపక్కనే!

1997లో భౌతికశాస్త్ర నోబెల్ పొందిన ముగ్గురిలో ఒకరు క్లోద్ కోహెన్-తనూజీ. అల్జీరియాలో పుట్టాడు. మతవిచారణకు భయపడి స్పెయిన్ నుంచి పారిపోయిన కుటుంబం. ఇంటిపేరుకు అర్థం టాంజియర్ ఊరి కోహెన్‌లు అని ఆయనే చెప్పుకున్నాడు. ఇంటిపేరు పక్కన ఊరి పేరు తగిలించుకోవడం మనకు మాత్రం కొత్తా?

ఆ మరుసటి ఏడాదే, 1998లో, రసాయనశాస్త్ర నోబెల్ వాల్టర్ కోన్‌ది. వియన్నాలో పుట్టాడు. 1939లో నాజీల నుంచి పిల్లలను తప్పించిన రైళ్లలో ఇంగ్లండ్ చేరి బతికాడు. తల్లిదండ్రులను ఆష్విట్జ్‌లో చంపేశారు. అణువుల్లో ఎలక్ట్రాన్ల లెక్క కట్టడానికి ఆయన 1964లో వేసిన పునాది మీదే ఇవాళ్టి మందుల, బ్యాటరీ పదార్థాల పరిశోధన చాలా వరకు నడుస్తోంది.

ఇక అమెరికాలోనో లండన్‌లోనో మీ ఆఫీసులో కోహెన్ గారొకరు ఉంటే, పేరు చూసి యాజకుడని తీర్మానించకండి. అసలు యాజక వంశస్థుడు పక్కనున్న కాట్జ్ గారో, రాపపోర్ట్ గారో, ఏ సంబంధమూ లేనట్టు వినిపించే ఇంకో ఇంటిపేరాయనో అయి ఉండొచ్చు. సినగాగ్‌లో కూడా ఐడీ కార్డు చూడరు, మనిషిని అడుగుతారు. శనివారం ఉదయం తోరా చదవడానికి మొదట పిలిచేది ఆ వంశస్థుణ్ణే, రెండోసారి లేవీయుణ్ణి. ఆ తర్వాతే మిగతావాళ్లు.